గాలం నుంచి జారిపోని తవుడు ఉండలు

గాలం వేసిన రెండు నిమిషాలకే ఎర కరిగిపోయి ఖాళీ కొక్కెం పైకి రావడం, పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి కాలువ గట్టున కూర్చునే వాళ్లందరికీ అనుభవమే. నేనూ చాలాకాలం పచ్చి మైదా ముద్దనే నమ్ముకున్నాను. ఇప్పుడు ఇలా చేస్తున్నాను.

మెత్తని తవుడు 2 గ్లాసులు, తెలగపిండి (నూనె తీశాక మిగిలే చెక్క) 1 గ్లాసు, గోధుమపిండి అర గ్లాసు తీసుకోండి. తెలగపిండిని ముందే దంచి జల్లించాలి, పలుకు మిగిలితే ఉండ సరిగ్గా అక్కడే పగులుతుంది. నిమ్మకాయంత బెల్లం గోరువెచ్చని నీళ్లలో కరిగించి, కొద్దికొద్దిగా చల్లుతూ చపాతీ పిండికంటే గట్టిగా పిసకాలి. కుంకుడుకాయంత ఉండలు చేసి ఇడ్లీ పాత్రలో 10 నిమిషాలు ఆవిరి పట్టాలి. అసలు కిటుకు ఇదే. ఆవిరికి గోధుమపిండి బిగుసుకుని తవుడును విడిపోనివ్వదు. చల్లారాక వేలితో నొక్కితే ఉండ కాస్త అణగాలి, పొడి రాలకూడదు.

మన చెరువుల చేపలు తవుడు, నూనె చెక్క తిని పెరిగినవే కాబట్టి ఆ వాసనకు త్వరగా వస్తాయి. శీలావతి, ఎర్రమోసు బాగా పడుతున్నాయి. బొచ్చె నీటి పైభాగంలో మేస్తుంది, దానికోసం దారానికి కట్టిన, నీటిపై తేలే బెండును కొక్కేనికి దగ్గరగా జరపండి.

లాకుల దగ్గర నీరు వడిగా పారుతుంటే మాత్రం ఈ ఉండ కూడా నిలవదు. అక్కడ వానపామే వాడండి.