ధర ₹1 అని చూపిస్తోందా? ప్రొడక్ట్ ఫీడ్ సైట్ల సమస్యలు, పరిష్కారాలు

అఫిలియేట్ నెట్‌వర్క్ (దుకాణాల అమ్మకాలకు కమిషన్ ఇప్పించే మధ్యవర్తి) ఇచ్చే ప్రొడక్ట్ ఫీడ్‌ను, అంటే దుకాణం వస్తువుల పేర్లు, ధరలు, లింకులు ఉన్న ఫైలును, పీహెచ్‌పీ స్క్రిప్టుతో దించుకుని, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో నింపి, ఒక్కో వస్తువుకు ఒక్కో పేజీ చూపించే సైట్లు నడిపేవాళ్ల కోసం ఇది. ప్రైస్ ట్యాపెస్ట్రీ లాంటి రెడీమేడ్ స్క్రిప్టు వాడినా, వూకామర్స్ మీద డేటాఫీడర్ ప్లగిన్ పెట్టుకున్నా, సొంతంగా రాసుకున్నా ఎదురయ్యే తలనొప్పులు దాదాపు ఇవే.

ఏ సమస్య వచ్చినా ముందు ఒక పని చేయండి. తేడాగా కనిపిస్తున్న ఒక్క వస్తువును పట్టుకుని మూడు చోట్ల చూడండి: దించిన ఫీడ్ ఫైలులో, డేటాబేస్ టేబుల్‌లో, సైటు పేజీలో. ఫైలులోనే తప్పుంటే దుకాణం వాళ్లకు రాయాలి. ఫైలులో సరిగ్గా ఉండి టేబుల్‌లో తప్పుంటే ఇంపోర్ట్ కోడ్ చూడాలి. టేబుల్‌లోనూ సరిగ్గానే ఉంటే అప్పుడు టెంప్లేట్ (పేజీని చూపించే కోడ్) దగ్గరికి వెళ్లాలి. చాలామంది నేరుగా టెంప్లేట్ మీద పడి గంటలు పోగొట్టుకుంటారు. తప్పు ఎక్కువగా దొరికేది ఫైలుకూ టేబుల్‌కూ మధ్యే. అందుకే ఇంపోర్ట్ అవ్వగానే ఫైలు చెరిపేయకండి. వారం రోజుల ఫైళ్లయినా పక్కన ఉంచుకోండి.

సమస్య: లక్షా ముప్పై వేల ఫోన్ ధర ₹1 అని పడుతోంది

ఫీడ్‌లో ధర "1,29,999.00" అని కామాలతో వచ్చి ఉంటుంది. పీహెచ్‌పీలో దాన్ని నేరుగా ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యగా) మారిస్తే మొదటి కామా దగ్గరే ఆగిపోయి 1 మిగులుతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరికా రాదు. ₹799 ఇయర్‌ఫోన్లకు కామా ఉండదు కాబట్టి అవి సరిగ్గానే కనిపిస్తాయి. వెయ్యి దాటినవే చెడతాయి. నాలుగు చౌక వస్తువులు చూసి అంతా బాగుందనుకుంటే ఈ తప్పు నెలల తరబడి దాక్కుంటుంది. ధరల ప్రకారం తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి మొదటి పేజీ చూడండి, గుట్టు బయటపడుతుంది.

పరిష్కారంలోనూ ఒక మెలిక ఉంది. "అంకెలూ చుక్కా తప్ప మిగతావన్నీ తీసెయ్" అని రాస్తారు చాలామంది. ఫీడ్‌లో ధర "రూ. 799" అని గానీ, ఇంగ్లిష్‌లో "Rs. 799" అని గానీ వస్తే ఆ పొట్టి మాట వెనక చుక్క మిగిలిపోయి ".799" అవుతుంది. అంటే ఎనభై పైసలు. ముందు కరెన్సీ అక్షరాలను వాటి చుక్కతో సహా తీసేయాలి, తర్వాత కామాలు తీసేయాలి, ఆ తర్వాతే అంకెగా మార్చాలి. యూరప్ దుకాణాల ఫీడ్లలో ఇదంతా తిరగబడుతుంది. అక్కడ చాలా దేశాల్లో వేలకు చుక్క, పైసలకు కామా: "1.299,00". కాబట్టి ధర ఏ పద్ధతిలో ఉందన్నది దుకాణం వారీగా సెట్టింగ్‌లో పెట్టుకోండి, కోడ్‌ను ఊహించమనకండి. టేబుల్‌లో ధరను ఫ్లోట్‌గా కాకుండా డెసిమల్‌గా (పైసలతో సహా కచ్చితంగా ఉంచే రకంగా) దాచండి. నిన్నటి ధరకూ ఇవాళ్టి ధరకూ తేడా సగానికి పైగా ఉంటే ఆ వస్తువును చూపించకుండా ఆపి, మీకు మెయిల్ వచ్చేలా పెట్టుకోండి. ₹1 ఫోన్ చూసి నొక్కిన మనిషి మళ్లీ మీ సైటుకు రాడు.

సమస్య: ఇరవై వేల వస్తువులు ఇంపోర్ట్ చేస్తే టేబుల్‌లో ఒక్కటే ఉంది

ఇది చూడగానే గుండె ఆగినంత పనవుతుంది గానీ, కారణం మూడు బైట్లు. కొన్ని యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతి) ఫైళ్ల మొదట్లో బామ్ అనే కనిపించని గుర్తు ఉంటుంది. అది మొదటి కాలమ్ పేరుకు అతుక్కుపోతుంది. మొదటి కాలమ్ సాధారణంగా ప్రొడక్ట్ ఐడీ. కోడ్ ఆ పేరు కోసం వెతికితే దొరకదు, అన్ని వస్తువులకూ ఐడీ ఖాళీగా పడుతుంది. ఐడీ మీద యూనిక్ కీ (ఒకే విలువ రెండుసార్లు రానివ్వని షరతు) ఉండి, ఉన్నదాన్నే అప్‌డేట్ చేయమని రాసి ఉంటే, ఇరవై వేలూ ఒకదాని మీద ఒకటి పడి చివరిదే మిగులుతుంది. ఫైలు తెరవగానే మొదటి మూడు బైట్లు చూసి, బామ్ అయితే దాటేయండి. ఐడీ ఖాళీగా ఉన్న వరుసను ఇంపోర్ట్ తిరస్కరించాలి. కీ కూడా ఐడీ ఒక్కటే కాకుండా దుకాణం, ఐడీ కలిపి పెట్టండి. రెండు దుకాణాలు "1001" అనే ఐడీనే వాడుతుంటాయి.

సమస్య: రూపాయి గుర్తు చోట వింత అక్షరాలు, లేదా ప్రశ్నార్థకం

ఈ రెండూ వేర్వేరు జబ్బులు. ₹ గుర్తు 2010లో యూనికోడ్‌లో (ప్రపంచ లిపుల అక్షరాల ఉమ్మడి పట్టికలో) చేరింది, యూటీఎఫ్-8లో దానికి మూడు బైట్లు. గుర్తు చోట మూడు వింత అక్షరాలు కనిపిస్తే బైట్లు భద్రంగానే ఉన్నాయి, ఎక్కడో వాటిని విండోస్-1252 అనే పాత అక్షర పద్ధతిగా చదువుతున్నారని అర్థం. ప్రశ్నార్థకం కనిపించి, టేబుల్‌లోనూ అదే ఉంటే, అక్కడ పడేటప్పుడే అసలు అక్షరం పోయింది. మళ్లీ ఇంపోర్ట్ చేయడం తప్ప దారి లేదు. ఫైలు, కనెక్షన్, టేబుల్, పేజీ నాలుగూ యూటీఎఫ్-8లో ఉండాలి. ఎక్కువమంది మర్చిపోయేది కనెక్షన్. మైఎస్‌క్యూఎల్‌లో "యూటీఎఫ్8" అని ఉన్నది మూడు బైట్ల దాకే పట్టుకుంటుంది. వస్తువు పేరులో ఎమోజీ ఉంటే నాలుగు బైట్లు కావాలి. "యూటీఎఫ్8ఎంబీ4" పెట్టండి.

సమస్య: తెలుగులో పెట్టిన పేర్లు విరిగిపోతున్నాయి

కేటగిరీల పేర్లు తెలుగులో పెట్టుకునేవాళ్లకు ఇంగ్లిష్ గైడ్లలో ఈ మాట దొరకదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. యూఆర్‌ఎల్ కోసం పేరును శుభ్రం చేసే ఫంక్షన్ సాధారణంగా ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలూ తప్ప అన్నీ తీసేస్తుంది. అప్పుడు "చీరలు", "కుక్కర్లు" రెండూ ఖాళీ అయిపోయి ఒకే చిరునామాకు పోతాయి. దాన్ని యూనికోడ్ అక్షరాలకు కూడా పనికొచ్చేలా మార్చినవాళ్లకు ఇంకో వింత ఎదురవుతుంది: "చీరలు" కాస్తా "చరల" అవుతుంది. యూనికోడ్ లెక్కలో గుణింతాలూ పొల్లూ "అక్షరం" తరగతిలోకి రావు, "మార్క్" అనే వేరే తరగతిలో ఉంటాయి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (ఏ అక్షరాలు ఉంచాలో చెప్పే నమూనాలో) రెండు తరగతులనూ అనుమతించాలి.

వివరణను చిన్నది చేసేటప్పుడు కూడా ఇంతే. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు. బైట్లు లెక్కపెట్టి కోసే ఫంక్షన్ వాడితే చివర ఒక నల్ల డైమండ్ గుర్తు మిగులుతుంది. మల్టీబైట్ ఫంక్షన్ వాడితే ఆ గుర్తు పోతుంది గానీ, "కుక్కర్" లోని వత్తు నడుమ తెగి "కుక్" దగ్గర ఆగే ప్రమాదం ఉంది. పీహెచ్‌పీ intl ఎక్స్‌టెన్షన్‌లోని గ్రాఫీమ్ ఫంక్షన్లు (కంటికి కనిపించే అక్షరాలను లెక్కపెట్టేవి) ఇంకాస్త మెరుగు. అన్నిటికంటే సులువు, ఖాళీ ఉన్న చోట కోయడం.

సమస్య: ఇంపోర్ట్ సగంలో ఆగిపోతోంది

బ్రౌజర్‌లో నడిపితే పీహెచ్‌పీ మామూలుగా 30 సెకన్లకు ఆపేస్తుంది, మెమరీ పరిమితి 128 ఎంబీ. క్రాన్‌లో (సర్వర్ నిర్ణీత వేళకు పనులు నడిపే సదుపాయంలో) కమాండ్ లైన్ నుంచి నడపండి, అక్కడ సమయ పరిమితి ఉండదు. ఎక్స్‌ఎంఎల్ ఫీడ్‌ను సింపుల్‌ఎక్స్‌ఎంఎల్‌తో తెరిస్తే ఫైలంతా మెమరీలోకి ఎక్కుతుంది. ఎక్స్‌ఎంఎల్‌రీడర్ ఒక్కో వస్తువునూ చదువుతూ పోతుంది. సీఎస్‌వీని (కామాలతో విడదీసిన వరుసల ఫైలును) కామా దగ్గర చీల్చి చదవకండి. వివరణలో కామా ఉన్నా, కొత్త లైను ఉన్నా కాలమ్‌లన్నీ పక్కకు జరుగుతాయి. దానికి పీహెచ్‌పీలో వేరే ఫంక్షనే ఉంది. ఒక్కో వరుసకూ కమిట్ (డేటాబేస్‌లో ఖరారు) చేయకుండా వెయ్యేసి చొప్పున చేస్తే వేగం ఎంతో మారుతుంది.

సమస్య: బార్‌కోడ్ 8.90ఇ+12 అని ఉంది

ఎవరో ఫైలును ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశారు. భారత్‌లో నమోదైన చాలా బార్‌కోడ్లు 890తో మొదలయ్యే 13 అంకెలు, వాటిని ఎక్సెల్ పెద్ద సంఖ్య అనుకుని కుదిస్తుంది. సున్నాతో మొదలయ్యే కోడ్లలో ఆ సున్నా ఎగిరిపోతుంది. ఫీడ్‌ను ఎక్సెల్‌లో చూడాలంటే కాపీ తీసి చూడండి. టేబుల్‌లో బార్‌కోడ్ అంకె కాదు, టెక్స్ట్.

సమస్య: అమ్మకంలో లేని వస్తువులు పోవడం లేదు, లేదా ఒక్క రాత్రిలో అన్నీ పోయాయి

దుకాణం ఒక వస్తువును ఆపేస్తే ఫీడ్‌లో ఆ వరుసే ఉండదు. "తీసేశాం" అని ఎవరూ చెప్పరు. ప్రతి వరుసకూ "చివరిసారి కనిపించిన తేదీ" కాలమ్ పెట్టి, ఇవాళ్టి ఇంపోర్ట్‌లో కనిపించనివాటిని పక్కన పెట్టాలి. సరిగ్గా ఇక్కడే రెండో ప్రమాదం పొంచి ఉంటుంది. ఫైలు సగమే దిగినా, నెట్‌వర్క్ సర్వర్ ఎర్రర్ పేజీ పంపినా, మీ స్క్రిప్టు దాన్నే నమ్మి సైటును ఖాళీ చేస్తుంది. వస్తువుల సంఖ్య నిన్నటికంటే పాతిక శాతం తగ్గితే ఇంపోర్ట్ మొత్తాన్ని ఆపేయండి. పక్క టేబుల్‌లో నింపి, లెక్క సరిపోయాకే పేరు మార్చి అసలు టేబుల్ స్థానంలో పెట్టడం ఉత్తమం. యూఆర్‌ఎల్‌లో మీ సొంత ఐడీ ఉంచండి. పేరు మీదే ఆధారపడితే దుకాణం పేరులో ఒక మాట మార్చిన రోజు పాత లింకులన్నీ చచ్చిపోతాయి.

అమెజాన్ లింకులు కూడా ఉంటే, ఏపీఐతో (అమెజాన్ సర్వర్ నుంచి నేరుగా స్క్రిప్టుతో) తీసుకున్న ధరను 24 గంటలకు మించి దాచి చూపించకూడదన్న నిబంధన ఉంది. దాని రిఫ్రెష్‌ను వారానికోసారి దించే ఫీడ్లతో కలపకండి.

సమస్య: గూగుల్ పేజీలను చూసింది, ఇండెక్స్ చేయడం లేదు

సెర్చ్ కన్సోల్‌లో వేల పేజీలు "క్రాల్ చేశాం, ప్రస్తుతం ఇండెక్స్ చేయలేదు" వరుసలో ఉంటాయి. సైట్‌మ్యాప్ మళ్లీ మళ్లీ పంపినా ఫలితం ఉండదు. మీ పేజీలో ఉన్న పేరు, బొమ్మ, వివరణ అదే ఫీడ్ తీసుకున్న ప్రతి సైటులోనూ ఉన్నాయి, దుకాణం సొంత సైటులోనూ ఉన్నాయి. గూగుల్ స్పామ్ విధానాల్లో దీనికి విడిగా పేరే ఉంది: థిన్ అఫిలియేషన్, అంటే పలుచని అఫిలియేట్ పేజీలు పెట్టడం. 2011 ఫిబ్రవరిలో పాండా అనే గూగుల్ అప్‌డేట్ వచ్చినప్పటి నుంచీ పలుచని పేజీల సైట్లకు దెబ్బ తగులుతూనే ఉంది. 2024 మార్చిలో గంపగుత్తగా పేజీలు పుట్టించడాన్ని కూడా ఆ విధానాల్లో చేర్చారు. ఫీడ్ వివరణను ఏఐతో తిరగరాయించి గట్టెక్కుదామనుకునేవాళ్లకు అది నేరుగా తగులుతుంది.

నేను గట్టిగా చెప్పే పరిష్కారం: వస్తువు పేజీలన్నిటికీ నోఇండెక్స్ (సెర్చ్‌లో చేర్చవద్దనే గుర్తు) పెట్టి, కేటగిరీ పేజీల మీద పని చేయండి. ఇరవై వేల పేజీల బదులు నలభై పేజీలు. ఉదాహరణకు మిక్సీల పేజీ. ఫీడ్‌లో వాట్లు వివరణలో ఎక్కడో కలిసిపోయి ఉంటాయి. వాటిని తవ్వి తీసి, వాట్లు, జార్లు, వారంటీ, నాలుగు దుకాణాల ధర ఒక్క పట్టికలో పెట్టండి. ఇడ్లీ పిండికి ఏది పనికొస్తుంది, పచ్చళ్ల పొడికి ఏది చాలు అన్నది మనిషి రాయాలి. ఫీడ్‌కు ఆ సంగతి తెలియదు. ధరల చరిత్ర కూడా మీ దగ్గరే ఉంటుంది, రోజూ ఇంపోర్ట్ చేస్తున్నది మీరే కదా. "ఈ కుక్కర్ మూడు నెలల్లో ఇంతకు తగ్గింది" అనే గ్రాఫ్ దుకాణం వాళ్లు ఇవ్వరు. బయటికి పోయే లింకులకు, 2019లో గూగుల్ తెచ్చిన "స్పాన్సర్డ్" గుర్తు పెట్టండి. కమిషన్ వస్తుందన్న సంగతి పేజీ పైనే తెలుగులో రాయండి.

సమస్య: క్లిక్‌లు పడుతున్నాయి, కమిషన్ లేదు

ఫీడ్‌లో రెండు లింకు కాలమ్‌లు ఉంటాయి, ఒకటి మామూలుది, ఒకటి ట్రాకింగ్‌ది. స్క్రిప్టు మొదటిదాన్ని తీసుకుందేమో చూడండి. డీప్‌లింకు (నేరుగా వస్తువు పేజీకే తీసుకెళ్లే ట్రాకింగ్ లింకు) సొంతంగా కడుతుంటే గమ్యం చిరునామాను ఒక్కసారే ఎన్‌కోడ్ చేయాలి, అంటే అందులోని ప్రత్యేక గుర్తులను శాతం కోడ్లుగా మార్చాలి. ఫీడ్‌లోనే ఎన్‌కోడ్ అయి వచ్చినదాన్ని మళ్లీ చేస్తే శాతం గుర్తులే మళ్లీ ఎన్‌కోడ్ అయి దుకాణం హోమ్ పేజీకి పోవచ్చు, అసలు చేయకపోతే ఆంపర్‌సాండ్ దగ్గర తెగిపోతుంది. ప్రతి లింకుకూ సబ్‌ఐడీ (మీరు పెట్టుకునే గుర్తింపు మాట) తగిలించండి, ఏ పేజీ నుంచి అమ్మకం వచ్చిందో రిపోర్టులో తెలుస్తుంది. పరీక్ష కోసం మీ లింకుతో మీరే కొనకండి, చాలా ప్రోగ్రాములు దాన్ని ఒప్పుకోవు, ఖాతా పోయే ప్రమాదం ఉంది. ఒక క్లిక్ చేసి, నెట్‌వర్క్ రిపోర్టులో మీ సబ్‌ఐడీ కనిపించిందా లేదా చూడండి. కనిపిస్తే మీ లింకు పనిచేస్తోంది, ఇక అడగాల్సింది ఆ దుకాణం అఫిలియేట్ మేనేజర్‌ను. కనిపించకపోతే మళ్లీ టేబుల్‌లో ఆ లింకు కాలమ్‌ దగ్గరికే వెళ్లండి.