పునాది తీసే ముందు మట్టిని ఇలా చూస్కోండి

ఇల్లు కట్టాలనుకోగానే అందరూ ప్లాను, గదులు, బాల్కనీ గురించే మాట్లాడుకుంటారు, కింద మట్టి సంగతి అడిగితే మాత్రం ఎవరో ఒకరు గునపంతో రెండు పోట్లు పొడిచి గట్టినేలే పర్లేదు అనేస్తారు. గట్టిగా ఉంటే సరిపోదండీ. రేగడి నేల ఎండాకాలంలో గునపం దిగనంత గట్టిగానే ఉంటుంది, వానలు పడ్డాక అదే నేలలో కాలు పెడితే చెప్పు ఊడొస్తుంది. అసలు తేల్చుకోవాల్సింది రెండే, నీళ్ళు తగిలితే ఈ మట్టి ఏమవుతుంది, ఇల్లు వచ్చే జాగా అంతా ఒకే రకం మట్టి ఉందా లేదా. ఇల్లు మొత్తం సమానంగా కాస్త దిగినా పెద్ద నష్టం ఉండదు, ఒక మూల దిగి ఇంకో మూల దిగకపోతేనే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళొస్తాయి, తలుపులు పట్టేస్తాయి. పీసా టవర్ 1173లో మొదలెడితే ఇంకా కడుతుండగానే ఒరగడం మొదలైంది, కింద మెత్తటి బంకమట్టి ఉండటం వల్లే.

ముందు తవ్వకుండా తెలిసేవి తెలుసుకోండి. చుట్టుపక్కల ఇళ్ళ గోడలు చూడండి, పగుళ్ళు ఎండాకాలంలో పెద్దవై వానాకాలంలో మూసుకుంటున్నాయంటే అది ఉబ్బి కుంగే మట్టే అని దాదాపు ఖాయం చేస్కోవచ్చు. అక్కడ ఒకప్పుడు కుంటో బావో ఉండి పూడ్చేశారా అని పాతవాళ్ళని అడగండి, పాత శాటిలైట్ ఫొటోలు దొరికితే అవీ చూడండి. పెద్ద చెట్లు ఉంటే కూడా లెక్కలోకి తీస్కోవాలి, బంకమట్టిలో నీళ్ళు చెట్టు లాగేస్తే నేల కుంగుతుంది, చెట్టు కొట్టేస్తే మళ్ళీ నీళ్ళు పట్టి కొన్నేళ్ళ పాటు మెల్లగా ఉబ్బుతుంది.

తర్వాత గుంతలు. ఒక్కటి చాలదు, కనీసం ఇల్లు వచ్చే జాగా ఎదురెదురు మూలల్లో తీయించి ఫుటింగ్ (స్తంభం కింద వెడల్పుగా వేసే పునాది దిమ్మ) అడుగు వచ్చే లోతు కంటే ఇంకా కిందకి వెళ్ళాలి. ఛాతీ లోతు దాటిన గుంతలోకి పక్కలకి ఊతం పెట్టకుండా మనిషిని దించొద్దు, ఒక ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్ను పైనే ఉంటుంది, మీద పడితే అరిచే టైం కూడా ఉండదు. పైనుంచే గుంత గోడ చూడండి, పొరలు తెలుస్తాయి. బూడిదా నీలం కలిసిన రంగు ఉంటే అక్కడ ఎక్కువకాలం నీళ్ళు నిలుస్తున్నట్టు, తుప్పు రంగు మచ్చలు కనిపిస్తే నీటిమట్టం పైకీ కిందకీ తిరుగుతున్నట్టు. ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు, కుళ్ళు వాసన వచ్చే నల్లమట్టి తగిలితే అది పోసిన మట్టో, కుళ్ళిన చెత్త కలిసిన మట్టో, దాని మీద పునాది వేయొద్దు, ఎన్నేళ్ళైంది పోసి అని ఎవరెంత ధైర్యం చెప్పినా సరే. సగం ఇల్లు సొంత నేల మీద సగం పూడిక మీద రావడం అన్నిటికంటే అన్యాయం.

ఆ లోతు నుంచి తీసిన మట్టితో చేత్తోనే చాలా తెలుస్తుంది. కొంచెం తడిపి ముద్ద చేసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టీలాగా నొక్కుతూ పోండి, 5 సెంటీమీటర్లు దాటినా తెగట్లేదంటే బంక బాగా ఉన్నట్టు, పట్టీయే రాకుండా గరగరమంటూ రాలిపోతే ఇసుక. గుంత అడుగు నుంచి తీసిన తాజా గడ్డలో బొటనవేలు సులువుగా దిగిపోతే మెత్తటి బంక, గోరు గుర్తు మాత్రమే పడితే బాగా గట్టిది, కాకపోతే ఆ గట్టితనం తేమని బట్టి మారుతుందని మర్చిపోకండి. ఉబ్బుడు చూడ్డానికి ల్యాబ్‌లో చేసే పద్ధతి నాకు భలే నచ్చుతుంది. ఆరబెట్టి జల్లించిన మట్టి 10 గ్రాములు నీళ్ళున్న గీతల కొలత గాజు గొట్టంలో, ఇంకో 10 గ్రాములు కిరోసిన్ ఉన్నదాంట్లో వేసి 24 గంటలు వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్ళలో ఉబ్బుతుంది, తేడా ఎంతో కళ్ళకే కనిపిస్తుంది. ఆ తేడా కిరోసిన్‌లో ఉన్న మట్టి ఎత్తులో 50 శాతం దాటిందంటే మామూలు ఫుటింగ్ గురించి మళ్ళీ ఆలోచించాల్సిందే, అండర్‌రీమ్‌డ్ పైల్స్ అనే లోతైన కాంక్రీట్ స్తంభాల లాంటివి ఇలాంటి నేలల కోసమే వాడతారు, కింద బల్బులాగా వెడల్పు చేసి కదలని పొరలో పట్టు దొరికేలా.

ఇసుక నేలైతే ఉబ్బదు, అక్కడ చూడాల్సింది నీటిమట్టం. నీళ్ళు పునాది అడుగు దాకా ఎక్కితే ఇసుక మోసే బరువు ఇంచుమించు సగానికి పడిపోతుంది, అందుకే ఎండాకాలం కొలతని నమ్మకుండా వానల చివర్లో ఎంత పైకి వస్తుందో కనుక్కోండి. భూకంపాలొచ్చే చోటైతే నీళ్ళు నిండిన వదులు ఇసుక ఇంకా ప్రమాదం, 1964లో జపాన్ నీగాటాలో అపార్ట్‌మెంట్లు పెద్దగా విరక్కుండానే పక్కకి ఒరిగిపోయింది అందుకే.

ఇవన్నీ సాయిల్ టెస్ట్ బదులు కాదు, మట్టి పరీక్ష కోసం బోర్లు ఎక్కడ వేయించాలో, ఏం అడగాలో తెలియడానికి. ఫుటింగ్ వెడల్పుకి కనీసం రెండింతల లోతు దాకా, అది కూడా ఫుటింగ్ అడుగు నుంచి లెక్కేసి, బోరు వెళ్ళిందా చూడండి, పైన గట్టిపొర ఉండి కింద మెత్తటిది దాక్కోవడం మామూలే. రిపోర్టులో ఎన్ విలువ అని ఉంటుంది, నేల ఎంత గట్టిదో చెప్పే నంబర్ అది, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ గొట్టం 45 సెంటీమీటర్లు దించుతారు, మొదటి 15 వదిలేసి మిగతా 30 దిగడానికి పడ్డ దెబ్బలే ఆ నంబర్. ఇసుకలో 10 లోపు వస్తే వదులు, 30 దాటితే గట్టి, బంకమట్టిలో 4 లోపైతే మెత్తన. ఒక బోరుకీ ఇంకో బోరుకీ ఒకే లోతులో నంబర్లు ఎంత తేడా ఉన్నాయో ముందు చూడండి, సల్ఫేట్, క్లోరైడ్ లవణాల టెస్టులు చేశారా లేదా అడగండి, అవి ఎక్కువుంటే సిమెంటు రకం, కాంక్రీట్ మిక్స్ మార్చాల్సొస్తుంది.

ఇంకోటి, రిపోర్టు ఎంత బాగున్నా పునాది తీసిన రోజు అడుగు మట్టి రిపోర్టులో రాసినట్టే ఉందా అని ఇంజినీర్‌ని పిలిచి చూపించండి. తవ్వి వదిలేసిన గుంతలో వాన పడితే పైన బురదైన పొర మొత్తం గీకేసి గట్టినేల తగిలాకే బెడ్ కాంక్రీట్ (ఫుటింగ్ కింద పరిచే పలచటి కాంక్రీట్ పొర) వేయాలి, ఎక్కువ లోతు పోయిన చోట తీసిన మట్టే మళ్ళీ వేసి తొక్కేస్తామంటే ఒప్పుకోకుండా అది కూడా కాంక్రీట్‌తోనే నింపించండి.