ఫేస్‌బుక్‌ కొత్తగా వాడేవారికి: మన రాత ఎవరి కంట పడుతుంది?

ఫేస్‌బుక్ నేర్చుకునేవారు సాధారణంగా ఫొటో ఎలా పెట్టాలి, లైక్ ఎలా కొట్టాలి అన్న ప్రశ్నలతో మొదలుపెడతారు. అవి నాలుగు రోజుల్లో చేతికి వాటంతటవే అలవాటవుతాయి. మనం రాసింది ఎవరెవరి కంట పడుతుందన్న సంగతిని మాత్రం ఏళ్ల తరబడి వాడుతున్నవారిలో కూడా చాలామంది పట్టించుకోరు. 2004లో హార్వర్డ్ విద్యార్థుల కోసం మొదలైనప్పుడు ఇందులో ఆ కాలేజీ పిల్లలే ఉండేవారు. 2006 సెప్టెంబరు నుంచి 13 ఏళ్లు నిండిన ఎవరైనా చేరవచ్చు కాబట్టి, ఇప్పుడు మనం రాసిన మాటను మేనమామా చదవవచ్చు, ముక్కూ మొహం తెలియని మనిషీ చదవవచ్చు. అందుకే ఇక్కడ ఒక్కొక్క సదుపాయాన్నీ ఆ వైపు నుంచే పరిచయం చేస్తున్నాను. మెనూలోని పేర్లు ఇంగ్లిష్‌లో ఎలా ఉంటాయో అలాగే ఇచ్చాను. భాషను తెలుగులోకి మార్చుకునే వీలు సెట్టింగ్స్‌లో ఉన్నప్పటికీ, ఎక్కడైనా చిక్కుకుపోయి పక్కవారిని అడగవలసి వస్తే ఇంగ్లిష్ పేర్లే అక్కరకొస్తాయి. ఫోనును బట్టి, యాప్ వెర్షన్‌ను బట్టి బటన్లు అటూ ఇటూ మారవచ్చు.

ఖాతా తెరిచిన రోజు

యాప్‌ను ప్లే స్టోర్ నుంచో యాప్ స్టోర్ నుంచో దించుకోవాలి తప్ప, ఎవరో వాట్సాప్‌లో పంపిన లింకు నుంచి దించుకోకూడదు. పేరు, పుట్టిన తేదీ, మొబైల్ నంబరు ఇచ్చి, ఆ నంబరుకు వచ్చిన కోడ్‌ను వేస్తే ఖాతా సిద్ధమవుతుంది. ఆ కోడ్ ఎవరు అడిగినా, ఎంత దగ్గరివారి పేరుతో అడిగినా చెప్పకూడదు. పాస్‌వర్డ్‌గా సొంత ఫోన్ నంబరునో పిల్లల పేరునో పెట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. ప్రొఫైల్‌ను కాస్త తిరగేసిన ఎవరికైనా ఆ రెండూ దొరికిపోతాయి కాబట్టి అవి పనికిరావు. ఖాతా తెరిచిన రోజే సెట్టింగ్స్‌లో ‘టూ ఫ్యాక్టర్ ఆథెంటికేషన్’ అన్నదాన్ని ఆన్ చేసుకుంటే, పాస్‌వర్డ్ తెలుసుకున్నవాడు కూడా రెండో కోడ్ లేనిదే కొత్త ఫోనులో మీ ఖాతాను తెరవలేడు. నెట్ సెంటర్‌లో తెరిచి లాగౌట్ చేయడం మరచిపోతే, ‘వేర్ యు ఆర్ లాగ్డ్ ఇన్’ అన్నచోట ఆ కంప్యూటర్‌ను ఎంచుకుని మీ ఫోను నుంచే లాగౌట్ చేయవచ్చు.

పేరు, ప్రొఫైల్ ఫొటో, దాని వెనుక పెద్దగా కనిపించే కవర్ ఫొటో అందరికీ కనిపిస్తాయి. ఫోన్ నంబరు, పుట్టిన సంవత్సరం వంటి తక్కిన వివరాల పక్కన ఎవరు చూడవచ్చో ఎంచుకునే చిన్న గుర్తు ఉంటుంది. వాటికి ‘ఓన్లీ మీ’ అని పెట్టుకుంటే సరిపోతుంది. పుట్టినరోజు శుభాకాంక్షలు కావాలనుకునేవారు తేదీని, నెలను మిత్రులకు కనబడేలా ఉంచి, సంవత్సరాన్ని మాత్రం దాచుకోవచ్చు.

ముందు వరుసలో కనిపించేది

యాప్ తెరవగానే కిందికి జారుతూ పోయే వరుసను ఫీడ్ అంటారు. అందులో పోస్టులు వచ్చిన క్రమంలో ఉండవు. మీరు ఏ వీడియో దగ్గర ఎక్కువసేపు ఆగారు, ఎవరి పోస్టుకు స్పందించారు అన్న లెక్కలతో ఫేస్‌బుక్ దాన్ని పేర్చుతుంది. మీకు తెలియనివారి పోస్టులు, ‘స్పాన్సర్డ్’ అని సన్నటి అక్షరాలతో ఉండే ప్రకటనలు కూడా మధ్యలో వస్తాయి. మనవాళ్లు ఏం పెట్టారో వరుసగా చూడాలంటే, మూడు గీతల గుర్తు నొక్కి ‘ఫీడ్స్’లోకి వెళ్లి ‘ఫ్రెండ్స్’ ఎంచుకోవాలి. నా దృష్టిలో కొత్తవారు మొదటి నెలంతా ఇక్కడే గడపడం మేలు. రోజూ పదేసి దండాల ఫొటోలు పెట్టే బంధువును మిత్రుల జాబితా నుంచి తీసేస్తే మనస్పర్థలు వస్తాయి గనుక, ఆ పోస్టు మూలనున్న మూడు చుక్కలు నొక్కి ‘స్నూజ్’ అంటే 30 రోజుల పాటు, ‘అన్‌ఫాలో’ అంటే మీరు మనసు మార్చుకునేదాకా ఆయన పోస్టులు మీ ఫీడ్‌లోకి రావు. ఆ సంగతి ఆయనకు తెలియదు, మైత్రి జాబితాలో అలాగే ఉంటుంది. వీడియోలు వాటంతటవే ఆడుతూ డేటా మింగేస్తుంటే, సెట్టింగ్స్‌లోని ‘మీడియా’లో ఆటోప్లేను వైఫైకి పరిమితం చేయవచ్చు.

పోస్టు రాయడం

ఫీడ్ పైభాగంలో ‘వాట్స్ ఆన్ యువర్ మైండ్’ అన్న గడిని నొక్కితే రాసే చోటు తెరుచుకుంటుంది. తెలుగులో రాయడానికి జీబోర్డ్ కీబోర్డులో తెలుగును జోడించుకుంటే, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టినది తెలుగు లిపిలోకి మారే పద్ధతి ఒకటి, నేరుగా తెలుగు అక్షరాలు నొక్కే పద్ధతి మరొకటి దొరుకుతాయి. టైపింగ్ ఇబ్బందిగా ఉన్నవారు మైకు గుర్తు నొక్కి మాట్లాడినా అక్షరాలు పడతాయి, అయితే సంధి కలిసిన మాటలను అది తరచూ తప్పుగా వింటుంది కాబట్టి పంపేముందు ఒకసారి చదువుకోవాలి.

అక్కడే, మీ పేరు కింద, ఒక చిన్న గడిలో ‘ఫ్రెండ్స్’ అనో ‘పబ్లిక్’ అనో ఉంటుంది. ఫేస్‌బుక్ మొత్తంలో తప్పనిసరిగా నేర్చుకోవలసిన బటన్ ఇదొక్కటే అన్నా నాకు అతిశయోక్తి అనిపించదు. భూగోళం బొమ్మ ఉంటే పబ్లిక్, అంటే ఇంటర్నెట్‌లో ఉన్న ఎవరైనా చూడవచ్చు. ఇద్దరు మనుషుల బొమ్మ ఉంటే మిత్రులు చూస్తారు. ‘ఫ్రెండ్స్ ఎక్సెప్ట్’ ఎంచుకుంటే కొందరిని మినహాయించవచ్చు, ‘స్పెసిఫిక్ ఫ్రెండ్స్’ ఎంచుకుంటే కొందరికే చూపించవచ్చు, తాళం బొమ్మ ఉన్న ‘ఓన్లీ మీ’ అంటే మీకు తప్ప మరెవరికీ కనిపించదు. ఒక పోస్టుకు పబ్లిక్ అని పెడితే తరువాతి పోస్టుకూ అదే నిలిచి ఉండవచ్చు కాబట్టి, రాసిన ప్రతిసారీ ఆ బొమ్మ వైపు ఒక చూపు వేయాలి. పెట్టాక కూడా మూడు చుక్కలలోని ‘ఎడిట్ ప్రైవసీ’తో మార్చుకోవచ్చు. పాత పోస్టులన్నీ పబ్లిక్‌గా ఉండిపోయాయని తెలిస్తే, సెట్టింగ్స్‌లోని ‘లిమిట్ పాస్ట్ పోస్ట్స్’ వాటిని ఒక్కసారిగా మిత్రులకు పరిమితం చేస్తుంది.

మిత్రులకే అని పెట్టినంత మాత్రాన అక్కడితో ఆగుతుందని అనుకోకూడదు. ఫొటోలో మీ వదినను ట్యాగ్ చేస్తే, అంటే ఆమె ఖాతా పేరును దానికి జోడిస్తే, ఆమె మిత్రులకూ అది కనిపిస్తుంది. ఎవరైనా మిమ్మల్ని ట్యాగ్ చేసినప్పుడు అది మీ ప్రొఫైల్‌పై పడేముందు మిమ్మల్ని అడిగేలా ‘ప్రొఫైల్ అండ్ ట్యాగింగ్’లో పెట్టుకోవచ్చు, ఒకే ఫొటోకు యాభై మందిని ట్యాగ్ చేసే మిత్రులున్నవారికి ఇది పెద్ద ఊరట. మీ మిత్రుడు స్క్రీన్‌షాట్ తీసి వేరేచోట పెడితే ఆపగల సెట్టింగ్ ఏదీ లేదు. అందువల్ల పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ కార్డు, ప్రయాణ టికెట్టు, పాప బడి పేరున్న యూనిఫాం ఫొటో వంటివి మిత్రులకైనా పెట్టకపోవడమే మంచిది. శుభలేఖ పెట్టాలనిపిస్తే, ఇంటి చిరునామా, ఫోన్ నంబర్లు ఉన్న భాగాన్ని కత్తిరించి, తేదీ, వేదిక ఉన్న భాగాన్ని పెట్టండి. పొరపాటున పెట్టినదాన్ని తీసేస్తే అది ‘ట్రాష్’లోకి వెళ్లి 30 రోజుల వరకు ఉంటుంది, ఆలోగా కావాలంటే తిరిగి తెచ్చుకోవచ్చు. పైవరుసలో గడులుగా కనిపించే ‘స్టోరీ’ మాత్రం 24 గంటల తరువాత జనానికి కనిపించకుండా పోతుంది.

లైకులు, కామెంట్లు

లైక్ గుర్తును నొక్కి పట్టుకుంటే ప్రేమ, నవ్వు, ఆశ్చర్యం, విచారం, కోపం వంటి మరికొన్ని బొమ్మలు పైకి లేస్తాయి. వేలు కాస్త పక్కకు జారితే ఒకరి మరణవార్త కింద నవ్వు బొమ్మ పడుతుంది, ఇది నిజంగా జరిగే ప్రమాదమే. వెంటనే మళ్లీ నొక్కి పట్టుకుని సరైన బొమ్మను ఎంచుకుంటే మొదటిది మారిపోతుంది. కామెంటు విషయంలో తెలుసుకోవలసింది ఏమిటంటే, దాన్ని ఎవరు చూడాలన్నది మీ చేతిలో లేదు, పోస్టు పెట్టినవారి చేతిలో ఉంది. మీ ఖాతాకు ఎన్ని తాళాలు వేసుకున్నా, ఒక రాజకీయ నాయకుడి పబ్లిక్ పోస్టు కింద మీరు ఆవేశంగా రాసిన వాక్యం మీ పేరుతో సహా లోకమంతటికీ కనిపిస్తుంది.

మిత్రులు, మిత్రుల వేషంలో వచ్చేవారు

ఒక ఖాతాకు గరిష్ఠంగా 5,000 మంది మిత్రులు ఉండవచ్చు. అంతమందిని పోగేయడం ఘనత కాదు. మైత్రి కోరుతూ అభ్యర్థన (ఫ్రెండ్ రిక్వెస్ట్) వచ్చినప్పుడు పేరును, ఫొటోను చూసి ఒప్పుకోకుండా, ప్రొఫైల్ తెరిచి పోస్టులు ఎంత పాతవో, మీ ఇద్దరికీ తెలిసినవారు ఎవరున్నారో చూడాలి. ఇప్పటికే జాబితాలో ఉన్న వ్యక్తి నుంచి రెండోసారి అభ్యర్థన వస్తే అది దాదాపుగా నకిలీ ఖాతానే.

ఈ మోసం సాగే తీరు చాలా సులువైనది. మోసగాడికి పాస్‌వర్డ్ అవసరం లేదు. అందరికీ కనిపించే మీ ఫొటోను దించుకుని మీ పేరుతో కొత్త ఖాతా తెరుస్తాడు, బహిరంగంగా ఉన్న మీ మిత్రుల జాబితాను చూసి వాళ్లకు అభ్యర్థనలు పంపుతాడు, ఒప్పుకున్నవారికి ఫేస్‌బుక్ సందేశాల యాప్ అయిన మెసెంజర్‌లో ‘ఆస్పత్రిలో ఉన్నాం, అర్జెంటుగా డబ్బు కావాలి, రేపు ఇచ్చేస్తాను’ అని రాసి ఒక యూపీఐ నంబరు ఇస్తాడు. పోలీసు అధికారుల పేరుతో ఖాతాలు తెరిచి, బదిలీ అయింది కాబట్టి ఇంట్లో సామాను చవకగా అమ్ముతున్నామని రాసేవారూ ఉన్నారు. అందుకని మిత్రుల జాబితాను ‘ఓన్లీ మీ’ అని దాచుకోవాలి. మన దేశంలో 2020 నుంచి ఉన్న ‘లాక్ ప్రొఫైల్’ సదుపాయాన్ని కూడా వాడుకోవాలి: ప్రొఫైల్‌లోని మూడు చుక్కలు నొక్కి దాన్ని ఎంచుకుంటే, మిత్రులు కానివారు మీ ఫొటోలను, పోస్టులను చూడలేరు, ప్రొఫైల్ ఫొటోను పెద్దది చేసి దించుకోలేరు. డబ్బు అడిగిన సందేశం ఏది వచ్చినా, ఆ మనిషికి ఫోన్ చేసి గొంతు విన్న తరువాతే మిగతా మాట. నకిలీ ఖాతా కనిపిస్తే దాని మూడు చుక్కలలో ‘రిపోర్ట్’ నొక్కి, ఎవరి పేరుతో నడుస్తోందో తెలపాలి. మీ మిత్రుల చేత కూడా రిపోర్ట్ చేయించాలి. డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, లేదా కేంద్ర ప్రభుత్వ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి. ఎంత త్వరగా చెబితే సొమ్మును బ్యాంకులో నిలిపివేయించే అవకాశం అంత ఎక్కువ.

గ్రూపులు, పేజీలు

దుకాణానికో సంస్థకో ఉండేది పేజీ, దాన్ని ఫాలో అయితే చాలు. ఒక ఊరివారో, ఒక బడిలో చదివినవారో, మిద్దెతోటల పెంపకందారులో కలిసి మాట్లాడుకునేది గ్రూపు. గ్రూపు పబ్లిక్ అయితే అందులో రాసింది బయటివారూ చదువుతారు. ప్రైవేటు అయితే సభ్యులకే పరిమితం, కానీ ఆ సభ్యులు వేలల్లో ఉండవచ్చు. చేరేముందు అడిగే ప్రశ్నలకు జవాబు రాయకపోతే చాలా గ్రూపుల అడ్మిన్లు, అంటే నిర్వాహకులు, అభ్యర్థనను పక్కన పెడతారు, అందుకే ‘నన్ను చేర్చుకోలేదు’ అని బాధపడేముందు ఆ ప్రశ్నలు పూర్తి చేశారో లేదో చూసుకోండి.

కొన్నాళ్లు విరామం కావాలనుకుంటే ఖాతాను ‘డీయాక్టివేట్’ చేయవచ్చు. అప్పుడు ప్రొఫైల్ కనిపించదు, మళ్లీ లాగిన్ అయితే అన్నీ యథాతథంగా తిరిగి వస్తాయి. ‘డిలీట్’ అన్నది శాశ్వతం, మనసు మార్చుకోవడానికి 30 రోజులే గడువు. డిలీట్ నొక్కేముందు ‘డౌన్‌లోడ్ యువర్ ఇన్ఫర్మేషన్’ లేదా ‘ఎక్స్‌పోర్ట్ యువర్ ఇన్ఫర్మేషన్’ ద్వారా మీ ఫొటోల ప్రతిని దించుకుని, అది తెరుచుకుంటుందో లేదో కూడా చూసుకోండి.