చవితి ప్రోగ్రాములకు ముందే బేస్ గిటార్‌ను చూసుకోండి

వినాయక చవితి వచ్చిందంటే ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్ళకి దసరా దాకా ఊపిరి సలపదు. వానలు, తడి నేల, జనరేటర్ కరెంటు, ఆటోలో స్పీకర్ల కింద నలిగే సామాను, అన్నీ ఈ రోజుల్లోనే. బేస్ గిటార్‌లో ఎక్కడో దాక్కున్న లూజ్ కాంటాక్ట్ కూడా ఇప్పుడే బయటపడుతుంది. ఇంట్లో బ్రహ్మాండంగా మోగుతుంది, స్టేజీ మీద రెండో పాట పల్లవిలో గరగరమని ఆగిపోతుంది.

అందుకే పండక్కి రెండు వారాల ముందే ఆ లోపాన్ని ఇంట్లో కావాలని రప్పించాలి. ఏది కదిపితే వస్తోందో తేలకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవడం దండగ. కొందరు వేలు పోసి ముందు పికప్ (స్ట్రింగ్స్ కింద ఉండి వాటి కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) మార్చేస్తారు. నన్నడిగితే అందరికంటే చివర అనుమానించాల్సింది పికప్‌నే.

మొదటి ముద్దాయి కేబుల్. పెడల్స్ అన్నీ తీసేసి గిటార్‌ని నేరుగా ఆంప్‌కి పెట్టండి. స్ట్రింగ్ మోగుతుండగా పిన్ను మెడ దగ్గర కేబుల్‌ని అటూ ఇటూ వంచండి, ఎక్కువగా తెగేది అక్కడే. తర్వాత రెండు పక్కలా తీసేసి మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి, ఈ పిన్ను మొన నుంచి ఆ పిన్ను మొనకి, ఈ బాడీ నుంచి ఆ బాడీకి చూడండి. వంచినప్పుడు బీప్ తెగితే దొంగ దొరికినట్టే. మొనకీ బాడీకీ మధ్య మాత్రం బీప్ రాకూడదు, వస్తే షార్ట్.

కేబుల్ మంచిదని తేలితే గిటార్‌కున్న సాకెట్ చూడాలి. నట్టు వదులైతే పిన్ను పెట్టి తీసినప్పుడల్లా సాకెట్ లోపల కాస్త తిరుగుతుంది, దాంతో వైర్లు మెలిపడి టంకం దగ్గర తెగుతాయి. బయటినుంచి స్పానర్‌తో నట్టు బిగించేస్తే సరిపోతుందనుకుంటారు. దాంతో సాకెట్ ఇంకో చుట్టు తిరుగుతుంది. లోపల సాకెట్‌ని వేళ్ళతో కదలకుండా పట్టుకుని బిగించాలి. బేస్ గిటార్లలో బాగా కనిపించే రెండు మోడళ్ళు జాజ్ బేస్, ప్రెసిషన్ బేస్. జాజ్ బేస్‌లో నాబ్స్ ఉండే కంట్రోల్ ప్లేట్ స్క్రూలు తీస్తే సాకెట్ చేతికొస్తుంది. ప్రెసిషన్ బేస్‌లో స్ట్రింగ్స్ వదులు చేసి పిక్‌గార్డ్ (గిటార్ ముందువైపు బిగించిన ప్లాస్టిక్ పలక) లేపాలి. పిన్ను మొనని నొక్కిపట్టే రేకు వెనక్కి వాలిపోయి ఉంటే కొంచెం లోపలికి వంచండి. పిన్ను పెట్టగానే టక్కున కూర్చోవాలి.

మూత తీశారు కాబట్టి టంకాలు కూడా చూడండి. మామూలు సీసం టంకం మంచిదైతే నున్నగా మెరుస్తూ వైరు చుట్టూ పరుచుకుని ఉంటుంది. బూడిద రంగులో గరుగ్గా, ముద్దలా ఉంటే అనుమానించాలి. ఆంప్ ఆన్‌లో ఉంచి, సౌండ్ తగ్గించి, ఐస్‌క్రీం పుల్లతో ఒక్కో వైరునీ మెల్లగా నెట్టండి. ఎక్కడ గరగరమందో చూసుకుని, గిటార్‌కి పెట్టిన కేబుల్ తీసేసి, ఆ టంకాన్ని కాస్త కొత్త సీసంతో మళ్ళీ కరిగించండి.

పాసివ్ బేస్ (లోపల బ్యాటరీ లేనిది) అయితే విప్పకుండానే ఒక పరీక్ష ఉంది. కేబుల్ గిటార్‌లో పెట్టి, రెండో పిన్ను మొనకీ బాడీకీ మీటర్ పెట్టి ఓమ్స్ చూడండి. నాబ్స్ అన్నీ ఫుల్. ప్రెసిషన్ బేస్ సుమారు 10 కిలో ఓమ్స్ చూపిస్తుంది, జాజ్ బేస్ రెండు పికప్‌లు కలిసి 4 దగ్గర. అంకె కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, నిలకడగా ఉండాలి. నాబ్ కదిపినా, సాకెట్ తట్టినా అంకె గెంతుతుంటే లోపం గిటార్‌లోనే ఉంది.

లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్న యాక్టివ్ బేస్‌కి ఈ లెక్క పనిచేయదు. అక్కడ ముందు 9 వోల్టుల బ్యాటరీ చూడాలి. సౌండ్ చిట్లిపోయి మెల్లగా సన్నగిల్లుతుంటే చాలాసార్లు కారణం అదే. కేబుల్ గిటార్‌కి పెట్టి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, ఆంప్ ఆపేసినా సరే. ప్రోగ్రామ్ అయ్యాక పిన్ను పీకేయండి. నాబ్ తిప్పితేనే గరగరమంటే ఎలక్ట్రానిక్స్‌కి వాడే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవైసార్లు తిప్పండి, తాళాలకి కొట్టే ఆయిల్ స్ప్రే వద్దు.

స్ట్రింగ్స్ ముట్టుకుంటే హమ్ (ఆంప్‌లో వచ్చే గుయ్‌మనే మోత) తగ్గాలి. తగ్గకపోతే బ్రిడ్జ్ (గిటార్ బాడీ మీద స్ట్రింగ్స్‌ని పట్టి ఉంచే లోహపు భాగం) కింది ఎర్త్ వైరు తెగి ఉండొచ్చు.

ఆ వైరు వల్లే ఇంకో సంగతి చెప్పాలి. దాని ద్వారా స్ట్రింగ్స్ నేరుగా ఆంప్ బాడీతో కలిసి ఉంటాయి. మండపంలో ఎర్తింగ్ లేక ఆంప్ బాడీకి కరెంటు వచ్చిందంటే స్ట్రింగ్స్‌కీ వచ్చినట్టే. మీ చెయ్యి స్ట్రింగ్స్ మీద, పెదవులు మైక్ మీద ఉంటే మధ్యలో ఉన్నది మీ ఒళ్ళే. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు స్టేజీ మీదే మైక్ ముట్టుకుని షాక్‌తో చనిపోయాడు. హమ్ పోతుందని ఆంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేయడం మనవాళ్ళకి బాగా అలవాటు. దయచేసి ఆ పని చెయ్యకండి. సౌండ్ చెక్ అప్పుడే మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి, లోహపు భాగాలు ముట్టుకోకుండా, ఒక వైరు స్ట్రింగ్స్‌కీ రెండోది మైక్ జాలీకీ తగిలించండి. సున్నాకి దగ్గరగా ఉండాలి. పదుల్లో వోల్టులు చూపించినా, స్ట్రింగ్స్ తాకితే కాస్త జివ్వుమన్నా, మెయిన్ ఆఫ్ చేయించి ఎలక్ట్రీషియన్ చూసేదాకా గిటార్ ముట్టుకోకండి. కమిటీవాళ్ళు "ఈ ఒక్క పాటా కానిచ్చేయండి మాస్టారూ" అన్నా సరే.