రెండు రాళ్ల అతుకు కోత బలం తేల్చడం

రాయగడ, కోరాపుట్ కొండల్లో సొరంగం తవ్వేముందు ఖొండలైటు, చార్నకైటు అనే రెండు రకాల రాళ్లు కలిసే అతుకు కోత బలాన్ని, అంటే పక్కకు జారకుండా ఆపే బలాన్ని, విడిగా పరీక్షించండి. గట్టి చార్నకైటును చూసి ధీమా పడొద్దు. ఖొండలైటులోని ఫెల్డ్‌స్పార్ ఖనిజం చివికి బంకమట్టి అయిందా, జారేది అక్కడే.

అతుకు మధ్యలో వచ్చేలా 54 మి.మీ. వ్యాసం ఉన్న కోర్ (గుండ్రటి రాతి కడ్డీ) తీసి, తీగతో కట్టి, తడి ఆరకుండా చుట్టండి. షియర్ బాక్స్‌లో (నమూనాను పక్కకు నెట్టి పరీక్షించే పెట్టెలో) సిమెంటుతో బిగించేటప్పుడు అతుకు తలం నెట్టే దిశకు సమాంతరంగా ఉండాలి. అతుకు చుట్టూ 5–10 మి.మీ. ఖాళీ వదలండి, సిమెంటు లోపలికి కారితే ఆ నమూనా పనికిరాదు.

పైన 20 మీటర్ల రాయి ఉంటే దాని బరువు వల్ల అతుకుపై పడే ఒత్తిడి సుమారు 0.5 మెగాపాస్కల్. అతుకు కోర్‌కు సరిగ్గా అడ్డంగా ఉంటే, నమూనాపై అంత ఒత్తిడి రావడానికి పెట్టాల్సిన బరువు 1.15 కిలోన్యూటన్లు. నిమిషానికి 0.1–0.2 మి.మీ. చొప్పున నెట్టండి. కనీసం మూడు ఒత్తిళ్లు, ప్రతిదానికీ కొత్త నమూనా: పాతదే వాడితే గరుకు అరిగి బలం తగ్గి కనిపిస్తుంది. వానాకాలం కోసం నానబెట్టినవీ తప్పక చేయండి.