కథలో మాటలు కుదిరిన తీరు: నా అనుభవం

నా కథల్లో మనుషులు మాట్లాడితే వార్తలు చదివినట్టుండేది. "మీ రైతు కలెక్టరులా మాట్లాడుతున్నాడేంటండీ" అని మా ఆవిడే నవ్వింది. యాస దట్టించాను, ప్రతి మాటకీ 'ఆయ్' తగిలించాను, సినిమా డైలాగులు బట్టీ పట్టాను, ఏదీ పనిచేయలేదు.

ఓ రోజు కోటిపల్లి రేవులో ముక్తేశ్వరం పంటు (గోదావరి దాటించే పడవ) కోసం కూర్చుంటే పక్కన ఇద్దరి మాటలు చెవిన పడ్డాయి. కొబ్బరికాయల బాకీ కోసం వచ్చినాయన బాకీ ఊసే ఎత్తలేదు. "దింపు అయ్యిందాండీ?" అన్నాడు, అంటే చెట్ల నుంచి కాయలు దించారా అని. అవతలాయన కాసేపు నీళ్ళవైపు చూసి, "మా పెద్దమ్మాయికి సంబంధం చూస్తున్నామండి" అన్నాడు. అంతే, డబ్బులు ఇప్పట్లో రావని ఇద్దరికీ (నాకూ) తెలిసిపోయింది.

ఇంటికొచ్చి పాత కథ తీశా. ముందు ప్రతి పాత్రకీ ఆ సీనులో ఏం కావాలో పక్కన పెన్సిల్‌తో రాసుకున్నా, తర్వాత ఆ కోరికని నేరుగా చెప్పేసే వాక్యాలన్నీ కొట్టేశా, ప్రశ్నకి సూటిగా జవాబిచ్చిన చోటల్లా జవాబు మార్చా. చివర్లో పైకి చదువుతూ నోరు తిరగని చోట కోశా. 'ఆయ్'లు రెండే మిగిలాయి.

పోట్లాట సీన్లకి మాత్రం ఇది అంతగా కుదరలేదు, అక్కడ మనవాళ్ళు మొహం మీదే అనేస్తారు కదా. హాస్య కథ మీద ఇంకా ప్రయత్నించలేదు.