ఆసుపత్రి ఫార్మసీ రెసిడెన్సీలో మొదటి సంవత్సరపు శిక్షణను ఎలా అమర్చాలి?

అమెరికాలో ఫార్మ్‌డీ (ఫార్మసీలో డాక్టరేట్ స్థాయి వృత్తి పట్టా) పూర్తిచేసినవారికి ఆసుపత్రి రెసిడెన్సీ రెండు అంచెల్లో ఉంటుంది. పీజీవై1 అనే మొదటి సంవత్సరంలో రకరకాల రోగుల మందుల బాధ్యతను నేర్పుతారు. పీజీవై2 అనే రెండవ సంవత్సరం క్యాన్సర్, అంటువ్యాధులు వంటి ఏదో ఒక రంగానికి పరిమితమవుతుంది. ఈ వ్యాసం మొదటి సంవత్సరాన్ని నడిపే శిక్షకుల కోసం. పట్టికను చక్కగా గీసి, అసలు శిక్షణను గాలికి వదిలేసిన ప్రణాళికలను చాలా చూశాను.

ముందుగా 52 వారాలను పంచండి. ఆసుపత్రి పద్ధతుల పరిచయానికి 4 వారాలు, ఒక్కొక్కటి 5 వారాల చొప్పున 8 రొటేషన్లు (ఒక్కో వార్డులో లేదా విభాగంలో పనిచేసే విడతలు) పోగా మిగిలే 8 వారాలు సెలవులకు, పరిశోధనకు, సదస్సులకు సరిపోతాయి. రెసిడెన్సీలకు గుర్తింపునిచ్చే ఏఎస్‌హెచ్‌పీ (అమెరికా ఆసుపత్రి ఫార్మసిస్టుల సంఘం) ప్రమాణాల ప్రకారం ఏడాదిలో కనీసం మూడింట రెండు వంతులు రోగి సంరక్షణలోనే గడవాలి. ఒకే రకమైన రోగులతో మూడో వంతుకు మించి గడపకూడదు. ఒక రొటేషన్ పరిపాలనకు పోయినా 35 వారాలు మిగులుతాయి కనుక మొదటి నియమం నెరవేరుతుంది. ఐసీయూకు మూడు రొటేషన్లు మించకుండా చూస్తే రెండవదీ నెరవేరుతుంది. జనరల్ మెడిసిన్ ముందు రావాలి, ఐసీయూ తరువాత రావాలి. ఈ వరుసను తారుమారు చేయవద్దు.

వారాంతపు డ్యూటీలు, పరిశోధన ప్రాజెక్టు, కమిటీ పనులు ఏడాది పొడవునా సాగుతాయి. వీటన్నిటినీ లెక్కలోకి తీసుకున్నా పని గంటలు, నాలుగు వారాల సగటున, వారానికి 80 దాటకూడదు. ప్రాజెక్టుకు నైతిక సంఘం అనుమతి కోసం పరిచయ వారాల్లోనే దరఖాస్తు సిద్ధం చేయించండి.

ఇక అసలు చిక్కు ఒక్కో రొటేషన్ లోపల ఉంది: బాధ్యతను రెసిడెంట్ చేతికి ఎప్పుడు, ఎంత అప్పగించాలి? దీనికి నాలుగు మెట్లున్నాయి. శిక్షకుడు మొదట బోధిస్తాడు, తరువాత తాను చేసి చూపుతాడు, ఆపైన పక్కనుండి చేయిస్తాడు, చివరకు రెసిడెంట్‌ను స్వతంత్రంగా వదిలి అందుబాటులో ఉంటాడు. చాలామంది మూడో మెట్టును దాటవేస్తారు. రెండు వారాలు తమ వెంట తిప్పుకుని, మూడో వారం సోమవారం "ఇక ఈ వార్డు నీదే" అని వెళ్ళిపోతారు. లేదా నెలంతా తామే చేస్తూ రెసిడెంట్‌ను ప్రేక్షకుడిగా నిలబెడతారు.

పక్కనుండి చేయించడం అంటే ఏమిటో ఒక ఉదాహరణ చెబుతాను. మూత్రపిండాలు వేగంగా దెబ్బతింటున్న రోగికి వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మోతాదు నిర్ణయించేటప్పుడు రెసిడెంట్ ఈరోజు వచ్చిన క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరును తెలిపే రక్తపరీక్ష) అంకెను సూత్రంలో వేసి లెక్కకడతాడు. రక్తంలో ఆ అంకె పెరగడానికి సమయం పడుతుంది కనుక, ఆ లెక్క మూత్రపిండాలు నిజంగా ఉన్నదానికంటే మెరుగ్గా ఉన్నట్టు చూపి, మోతాదును ఎక్కువ చేస్తుంది. ఇక్కడ అంకెను మీరే దిద్దితే మళ్ళీ రెండో మెట్టుకు దిగిపోయినట్టే. రౌండ్స్‌కు (వైద్యబృందం రోగులను చూస్తూ తిరిగే సమయానికి) ముందు ఇద్దరూ కూర్చున్నప్పుడు "నిన్నటి అంకె ఎంత? మూత్రం ఎంత వస్తోంది?" అని మాత్రమే అడిగి, ఆలోచించుకోవడానికి వ్యవధి ఇవ్వండి. కొత్త మోతాదును, దాని కారణాన్ని వైద్యుడికి రెసిడెంటే చెప్పాలి.

రౌండ్స్‌లో మాత్రం మీరు నోరు మెదపకూడదు. రోగికి హాని జరిగే పరిస్థితి ఒక్కటే దీనికి మినహాయింపు. తొలి ఏళ్ళలో నేనూ ఈ నియమం తప్పాను. రెసిడెంట్ తడబడగానే మాట అందుకుని నేనే పూర్తిచేసేవాణ్ణి. నెల గడిచేసరికి వైద్యులు ప్రతి ప్రశ్ననూ నన్ను చూసే అడగసాగారు, అతడు నోట్సు రాసుకునే మనిషిగా మిగిలిపోయాడు.

నాలుగు వారాల రొటేషన్లను నేను ఒప్పుకోనిది కూడా ఇందుకే. మొదటి వారం బృందాన్ని తెలుసుకోవడానికి, చివరి వారం మూల్యాంకనపు హడావిడికి పోతే, ఈ మూడో మెట్టుకు మిగిలేవి నాలుగైదు రోజులే. ఎక్కువ రొటేషన్లు చూడవచ్చుననే వాదన పట్టికకు నిండుదనం తెస్తుందేమో గాని రెసిడెంట్‌కు ధైర్యం తేదు.

మూల్యాంకనాన్ని ప్రతి రొటేషన్ చివర రాయండి. 12 వారాలు, అంతకు మించి సాగే పనులకు మధ్యలో కూడా రాయాలి. "బాగా చేశాడు" అనే మాట ఎవరికీ పనికిరాదు. ఏ రోగి విషయంలో, ఏ మెట్టు మీద, ఎంత సహాయంతో చేశాడో రాసి, ఆ కాగితాన్ని తరువాతి శిక్షకుడికి రొటేషన్ మొదలవక ముందే అందజేయండి. కొత్త వార్డులో రెసిడెంట్ మళ్ళీ మొదటి మెట్టు నుంచే బయలుదేరతాడు, కాని ఏడాదిలో సగం గడిచే జనవరి నాటికి అక్కడ రెండు రోజులకంటే ఎక్కువ నిలబెట్టవలసిన అవసరం ఉండకూడదు.